“సీసాలో పుట్టిన మొక్కకు భూమి అంటే ఏం తెలుస్తాదిరా?”

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మూడెకరాల్లో అరటి పెట్టాలనుకుంటున్నాం. ఇన్నేళ్ళూ మా నాయన తెలిసినవాళ్ళ తోటల్లోంచి పిలకలు తెచ్చి నాటేవాడు. ఈసారి ల్యాబ్‌లో సీసాల్లో పెంచే టిష్యూ కల్చర్ మొక్కలు, జి-9 అనే అరటి రకం, పెడదామని నేనంటే, “సీసాలో పుట్టిన మొక్కకు భూమి అంటే ఏం తెలుస్తాదిరా” అంటాడు. ఊళ్ళో కొందరు అది బీటీ పత్తి లాంటిదే, జన్యువులు మార్చిన మొక్క అంటున్నారు. రెండేళ్ళ కింద మా మేనమామ పెట్టిన తోటలో అక్కడక్కడ పొట్టి చెట్లు వచ్చి గెల సరిగా వేయలేదు. ఇప్పుడొక ఏజెంటు తక్కువ రేటుకు మొక్కలిస్తానంటున్నాడు గానీ బిల్లు అడగొద్దంటాడు. అన్నీ క్లోన్లే కాబట్టి ఒక రోగం వస్తే అన్నీ ఒకేసారి పోతాయేమోనని నాకూ లోపల భయంగానే ఉంది. ఏం చేయమంటారు? నేను డిగ్రీలో బయోటెక్నాలజీ చదివాను. ఇంట్లోనే చిన్న ల్యాబ్ పెట్టుకోవచ్చా?
– ఒక రైతు బిడ్డ, అనంతపురం జిల్లా

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది మీ నాన్నగారి మాట. చదువుకున్న కొడుకు ముందు పాతకాలపు భయం బయటపెట్టారని మీరు అనుకుని ఉండొచ్చు. ఆయన అడిగింది మాత్రం టిష్యూ కల్చర్ మొత్తంలో అతి ముఖ్యమైన ప్రశ్న. దాని దగ్గరికి తీరిగ్గా వస్తాను. ముందు బీటీ సంగతి తేల్చేద్దాం.

బీటీ పత్తిలో ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తి మొక్కలోకి ఎక్కించారు. మన దేశంలో దానికి 2002లో అనుమతి వచ్చింది. టిష్యూ కల్చర్ అరటిలోకి బయటి జన్యువు ఏదీ రాదు. మంచి గెల వేసిన తల్లిచెట్టు పిలకనే తీసుకుని, దాని మొగ్గను శుభ్రమైన సీసాలో పెంచి, ముక్కలు చేసి, మళ్ళీ పెంచుతారు. రెండింటినీ కాలేజీలో బయోటెక్నాలజీ అనే ఒకే పేరు కింద చెబుతారు కాబట్టి ఊళ్ళో ఈ గందరగోళం.

ఇక క్లోన్ అనే మాట. మనం తినే అరటికి విత్తనం లేదు. జి-9లో క్రోమోజోములు రెండేసి కాక మూడేసి ఉంటాయి, అందుకే గింజ కట్టదు. పిలక తప్ప దానికి వేరే సంతానం లేదు. పిలక అంటే తల్లికి అచ్చమైన నకలు. అంటే మీ నాన్నగారు ఇన్నేళ్ళూ నాటినవన్నీ క్లోన్లే. బంగినపల్లి మామిడి అంటు, మల్లె కొమ్మ, చెరకు ముచ్చె కూడా అంతే. ల్యాబ్ కొత్తగా తెచ్చింది వేగం, శుభ్రత. ఒక తోటలో ఒక తల్లికి ఏడాదికి చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మంచి పిలకలొస్తాయి. సీసాలో వందలు, వేలు వస్తాయి. ఆ వేగంలోనే ఉపకారం ఉంది, మీ మేనమామ తోటకు వచ్చిన కష్టం కూడా అందులోంచే పుట్టింది.

లోపల ఏం జరుగుతుందో మీ నాన్నగారికి ఇలా చెప్పండి. పిలకను తవ్వి, కడిగి, ఇంట్లో కూరకు అరటిపువ్వు దొప్పలు ఒలిచినట్టు ఒక్కో పొరా ఒలుచుకుంటూ పోతారు. చివరికి చిటికెనవేలి గోరంత తెల్లటి ముక్క మిగులుతుంది. దాని నడుమ కంటికి ఆనీ ఆనని బొడిపె ఒకటి. చెట్టంతా పుట్టేది అక్కడి నుంచే. కోసిన కాసేపటికి ఆ ముక్క నల్లబడుతుంది, అచ్చం కూరకు తరిగిన పచ్చి అరటికాయలాగే. ఇంట్లో ఆడవాళ్ళు కాయ ముక్కల్ని మజ్జిగ నీళ్ళలో వేస్తారు. ల్యాబ్‌లో విటమిన్ సి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు వాడతారు. రెండు చోట్లా జరిగే రసాయనం ఒకటే. ఆ తరువాత క్రిములు లేకుండా శుద్ధి చేసి, పంచదార, లవణాలు, విటమిన్లు, హార్మోన్లు కలిపిన జెల్లీ మీద పెడతారు. ఆ లవణాల పాళ్ళు 1962లో మురాషిగే, స్కూగ్ అనే ఇద్దరు పొగాకు కణజాలం మీద కుదిర్చినవి. ఈనాటికీ చాలా ల్యాబుల్లో అదే వంట.

“ఏం మందులు కలుపుతారో” అన్న అనుమానం ఊళ్ళో వస్తుంది. మొక్క తన ఒంట్లో తానే తయారుచేసుకునే సైటోకైనిన్, ఆక్సిన్ హార్మోన్ల లాంటివే ఇక్కడ బయటి నుంచి ఇస్తారు. సైటోకైనిన్ పాలు పెంచితే మొలకలు గుంపుగా వస్తాయి, ఆక్సిన్ పాలు పెంచితే వేర్లు దిగుతాయి. ఈ తూకాన్ని స్కూగ్, మిల్లర్ 1957లో చూపించారు. మరుసటి ఏడాది స్టీవార్డ్ అనే శాస్త్రవేత్త అమెరికాలో క్యారెట్ కణాల నుంచి నిండు మొక్కను రాబట్టినప్పుడు ఆయన కలిపిన ముఖ్యమైన పదార్థం కొబ్బరి నీళ్ళు. కణాన్ని విభజన వైపు తోసే గుణం అందులో సహజంగానే ఉంది.

ఇప్పుడు మీ మామయ్య తోట. గుంపుగా వచ్చిన మొలకల్ని మూడు నాలుగు వారాలకొకసారి విడదీసి కొత్త సీసాల్లో పెడతారు. ప్రతిసారీ మూడింతలవుతాయనుకుంటే, ఎనిమిది విడతల్లో ఒక్క ముక్క 6,561 అవుతుంది. ఆగకుండా మరో నాలుగు విడతలు లాగితే 5,31,441. ఆశ ఎక్కడ పుడుతుందో ఈ లెక్కే చెబుతుంది. కొత్త తల్లిని వెతికి, వైరస్ పరీక్ష చేయించి, మొదటి నుంచి మొదలుపెట్టడానికి నెలలు పడుతుంది. ఉన్న సీసానే ఇంకోసారి కోయడానికి ఒక పూట చాలు. కానీ కోసిన కొద్దీ, హార్మోను ఒత్తిడిలో పెరిగిన కొద్దీ, కొన్ని మొలకల్లో తేడాలు పేరుకుంటాయి. 1981లో ఆస్ట్రేలియాలో లార్కిన్, స్కోక్రాఫ్ట్ దీనికి సోమాక్లోనల్ వేరియేషన్ అని పేరు పెట్టారు. అందుకే అరటిలో ఎనిమిది విడతలు దాటకూడదన్నది మంచి ల్యాబులు పాటించే కట్టుబాటు.

జి-9 ఉన్న పచ్చ అరటి జాతిలో ఈ తేడాల్లో ఎక్కువగా కనబడేది పొట్టితనమే. మీరు వర్ణించింది సరిగ్గా అదే. ఆరడుగులకు ఆరడుగుల దూరంలో నాటితే ఎకరానికి 1,210 మొక్కలు, మీ మూడెకరాలకు 3,630. నూటికి అయిదు తేడా మొక్కలొచ్చినా 181 చెట్లకు ఏడాది పాటు నీళ్ళు, ఎరువులు, కూలి పెట్టి చివరికి అమ్ముకోలేని గెల కోస్తారు. మీ మామయ్య ఎన్నో మొక్కలు పోగొట్టుకుని ఉంటారు, పైగా ఆ తప్పు తన యాజమాన్యంలో ఉందని ఎవరో ఆయన్నే అని ఉంటారు. తప్పు ఆయనది కాదని నా తరఫున చెప్పండి.

మంచి సంగతేమిటంటే ఈ పొట్టి మొక్కను నర్సరీ సంచిలో ఉండగానే పట్టుకోవచ్చు. మామూలు మొక్క పక్కన పెట్టి చూడండి. తేడా మొక్కకు ఆకు తొడిమ పొట్టిగా ఉంటుంది, ఆకులు ఒకదాని మీద ఒకటి కుక్కినట్టు దగ్గరగా వస్తాయి, ఆకు దాని పొడవుకు తగినదానికంటే వెడల్పుగా కనబడుతుంది. కొన్నింటిలో ఆకు దళసరిగా, వెడల్పు తక్కువగా, అంచులు వంకరగా, పచ్చ మీద లేత చారలతో ఉంటుంది. అలాంటివి మొహమాటం లేకుండా తీసి పక్కన పెట్టండి. వెయ్యి మొక్కలు ఒక మనిషి ఒక పూటలో ఏరొచ్చు. నాటాక మూడో నెలలో తోటంతా ఇంకోసారి తిరగండి.

అన్ని పంటల్లోనూ ఇంత తేలిక కాదు. ఆయిల్ పామ్‌లో టిష్యూ కల్చర్ మొక్కలు చూడ్డానికి నిగనిగలాడుతూ పెరిగి, కొన్నేళ్ళకు కాపు మొదలయ్యాక వికృతమైన కాయలు కాసిన చరిత్ర ఉంది. తోటలు పెట్టినవాళ్ళు అన్నేళ్ళు నీళ్ళు పోశాక గానీ తెలియలేదు. జన్యువు అక్షరాలు మారకుండానే దాని మీది రసాయనపు గుర్తులు చెరిగిపోవడం వల్ల అలా అవుతోందని మలేసియా శాస్త్రవేత్తలు 2015లో వెలికితీశారు. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఆయిల్ పామ్ ఊపు మీద ఉంది కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను.

ఏజెంటు విషయంలో నా మాట ఒక్కటే. బిల్లు ఇవ్వనివాడి దగ్గర ఒక్క మొక్క కూడా కొనకండి. గెల వేసే దాకా బయటపడని లోపానికి మీ చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006 నుంచి టిష్యూ కల్చర్ మొక్కలకు జాతీయ ధ్రువీకరణ వ్యవస్థ నడుపుతోంది. గుర్తింపు పొందిన ల్యాబులు తమ మొక్కల నమూనాలను పరీక్షకు పంపి, పాసైన బ్యాచ్‌కు లేబుల్ తెచ్చుకుంటాయి. అరటిలో చూసే వైరస్‌లు నాలుగు: వెర్రితల తెగులు కలిగించే బంచీ టాప్, బ్రాక్ట్ మొజాయిక్, స్ట్రీక్, కుకుంబర్ మొజాయిక్. మొక్కలు తల్లిలాగే ఉన్నాయా అనే జన్యు పరీక్ష కూడా ఉంటుంది. గోడకు తగిలించిన సర్టిఫికెట్ చూసి ఊరుకోకండి. మీకు ఇచ్చే బ్యాచ్‌కు లేబుల్ ఉందా, తల్లి పిలకలు ఎక్కడివి, ఎన్నో విడత మొక్కలు, ఈ మూడూ అడగండి. రికార్డు రాసుకునేవాళ్ళు రిజిస్టర్ తెరిచి చూపిస్తారు.

సీసాలో పెరిగితే చాలు, వైరస్ పోతుందని కొందరు డీలర్లు చెబుతారు. అది నిజం కాదు. శిలీంద్రం, నులిపురుగు, దుంప తొలిచే ముక్కు పురుగు సీసా దాకా రావు. వైరస్ మాత్రం తల్లిలో ఉంటే పిల్లల్లోకి దిగుతుంది. ఒక తల్లికి రోగం ఉంటే పాత పద్ధతిలో పది పిలకలకు అంటేది, ఇప్పుడు వేల మొక్కలకు అంటుతుంది. పరీక్ష ఉండి తీరాలని నేను పట్టుబట్టేది అందుకే.

మీ నాన్నగారి ప్రశ్న దగ్గరికి వచ్చాం. సీసాలో మొక్కకు ఎండ దెబ్బ లేదు, గాలి లేదు, దాహం తెలియదు. లోపల గాలి నిండా తేమే. అందుకని ఆకు మీద మైనం పొర సరిగా కట్టదు. ఆకు రంధ్రాలు మూసుకోవడం నేర్చుకోవు. తిండి జెల్లీలోని పంచదార నుంచి వస్తుంది కాబట్టి ఎండలో సొంతంగా వండుకునే పని కూడా అరకొరే. అలాంటి మొక్కను తెచ్చి తాడిపత్రి ఎండలో పెడితే గంటల్లో వాడిపోతుంది. అవును, దానికి భూమి ఏమీ తెలియదు. తెలిసేలా చేయడాన్నే నర్సరీ వాళ్ళు హార్డెనింగ్ అంటారు.

అది రెండు దశలు. మొదట జెల్లీ పూర్తిగా కడిగేసి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపిన ప్రోట్రేల్లో, అంటే గడులున్న ట్రేల్లో పెట్టి, పొగమంచులాంటి తుంపర మధ్య పాలీహౌస్‌లో నాలుగైదు వారాలు ఉంచుతారు. సీసాలో వచ్చిన ఆకులు ఒక్కొక్కటే పోయి, కొత్త గాలికి తగిన ఆకులు వస్తాయి. తరువాత మట్టి, ఇసుక, ఎరువు కలిపిన పాలిథిన్ సంచుల్లోకి మార్చి షేడ్‌నెట్ కింద మరో అయిదారు వారాలు. నీడ కొంచెం కొంచెంగా తగ్గిస్తారు, నీళ్ళు కాస్త కాస్త ఎడం ఇస్తారు. అడుగు ఎత్తు, అయిదారు మంచి ఆకులు, సంచి విప్పితే అంచుల దాకా అల్లుకున్న తెల్లటి వేర్లు ఉంటే మొక్క సిద్ధమైనట్టు.

వయసులో ఉన్నప్పుడు నేనొక ల్యాబ్‌లో కొంతకాలం పనిచేశాను. పేరు అక్కర్లేదు. ఒక ఏడాది ఆర్డర్లు ముంచుకొచ్చి, రెండో దశ సగంలో ఉన్న మొక్కల్ని లారీ ఎక్కించేశారు. నేనే లెక్క రాసి పంపాను. పది రోజుల తరువాత ఆ రైతు ఎండిన మొక్కలున్న సంచులు కొన్ని తెచ్చి మా గుమ్మం ముందు వరసగా పేర్చాడు. ఒక్క మాట అనలేదు. సంచి విప్పి చూస్తే వేళ్ళు ఇంకా ప్రోట్రే గడి ఆకారంలోనే ముడుచుకుని ఉన్నాయి, మట్టిలోకి పాకనే లేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే: పది సంచులు మీ ఇష్టం వచ్చినచోట నుంచి తీసి, విప్పి, వేరు చూడండి. విప్పనివ్వని నర్సరీ నుంచి వెనక్కి వచ్చేయండి.

నాటాక మొదటి మూడు నెలలు కూడా కొంచెం పసిబిడ్డ లెక్కే. శుభ్రమైన చోట పుట్టింది కాబట్టి వేళ్ళ చుట్టూ మేలు చేసే సూక్ష్మజీవుల తోడు లేదు. నాటేటప్పుడు పాదులో బాగా చివికిన పశువుల ఎరువుతో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రాన్ని కలిపి వేయండి. మొదట్లో ఖాళీ ఎక్కువ కనబడుతుంది గనక అంతరపంటగా దోస, గుమ్మడి, సొర వేయాలనిపిస్తుంది. వద్దు. కుకుంబర్ మొజాయిక్ వైరస్ ఆ తీగల్లోనూ ఉంటుంది, పేనుబంక దాన్ని లేత అరటికి మోసుకొస్తుంది. టమోటా కూడా వద్దు. వెర్రితల తెగులు సోకిన చెట్టు, అంటే కొత్త ఆకులు చిన్నవై నిటారుగా గుత్తిలా నిలబడింది, కనిపిస్తే ముందు దాని మీది పేనుబంకను చంపి, ఆ తరువాత దుంపతో సహా తీసేయండి. పురుగును వదిలి చెట్టును మాత్రం లాగితే, ఆ పురుగు పక్క చెట్టెక్కుతుంది.

“ఒకేసారి పోతాయేమో” అన్న మీ భయాన్ని తేలిగ్గా తీసుకోను. అరటిలో అది జరిగింది. ఒకప్పుడు మధ్య అమెరికా నుంచి ఓడల్లో ప్రపంచమంతా తిరిగిన గ్రోస్ మిషెల్ అనే రకం, మట్టిలోని శిలీంద్రం వల్ల చెట్టు వాడి చచ్చే పనామా తెగులుకు లొంగి, 1960ల నాటికి ఎగుమతి తోటల్లోంచి కనుమరుగైంది. గోదావరి జిల్లాల్లో అమృతపాణిని దెబ్బతీసిందీ ఆ తెగులే. దాన్ని తట్టుకుంటుందనే పచ్చ అరటి జాతికి అంత పేరొచ్చింది. ఇప్పుడు అదే శిలీంద్రంలో టీఆర్-4 అనే కొత్త తెగ జి-9ని కూడా చంపుతోంది. మన దేశంలో బీహార్‌లోని కటిహార్, పూర్ణియా తోటల్లో అది బయటపడింది. మందు లేదు, మట్టిలో దశాబ్దాల పాటు బతికే ఉంటుంది. కాబట్టి ఎవరైనా ఉత్తరాది నుంచి చవగ్గా పిలకలు తెప్పిస్తామంటే ఒప్పుకోకండి. ఈ ఒక్క విషయంలో ల్యాబ్ మొక్క పిలక కంటే వంద రెట్లు మేలు, ఎందుకంటే దానితో పాత అరటి తోట మట్టి రాదు. కూలీల పారలు, ట్రాక్టర్ చక్రాలు, పక్క తోటలో తిరిగిన చెప్పులు మట్టిని మోస్తాయి. గట్టు దగ్గరే కడిగించండి.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. తైవాన్‌లో ఈ తెగులు తోటల్ని తుడిచిపెడుతున్నప్పుడు అక్కడి అరటి పరిశోధన కేంద్రం వాళ్ళు టిష్యూ కల్చర్‌లో వచ్చిన తేడా మొక్కల్ని పారేయకుండా, రోగం ఉన్న నేలలోనే వేల సంఖ్యలో నాటి, తట్టుకుని నిలబడినవాటిని ఏరుకున్నారు. ఫార్మోసానా అనే రకం అలా వచ్చింది. మీ మామయ్యను ముంచిన గుణమే అక్కడ రైతును నిలబెట్టింది.

అన్నీ ఒకేలా ఉండటం రోగానికే కాదు, బజారుకూ సంబంధించిన విషయం. పిలకలు నాటిన తోట నెలల తరబడి ఒక్కో గెలా కోతకు వస్తుంది. టిష్యూ కల్చర్ తోట దాదాపు ఒక్కసారిగా తయారవుతుంది. లారీ నింపి ఎగుమతికి పంపాలంటే అదే కావాలి, మీ తాడిపత్రి నుంచి 2020లో అరటితో రైలు బయల్దేరింది కూడా ఈ ఒకే తీరు కాయ వల్లే. కానీ ఆ వారం ధర పడిపోతే మూడెకరాలూ ఒకేసారి పడతాయి. అందుకని మూడూ ఒకే రోజు నాటకండి. నెల, నెలన్నర ఎడంతో ఎకరం చొప్పున పెట్టండి. ఎండలు మాత్రం తగ్గనివ్వండి.

రెండో కాపుకు ప్రతి చెట్టుకూ సూది ఆకుల పిలక ఒక్కటే ఉంచి మిగతావి కోసేయండి. మీ తోట ఆరోగ్యంగా ఉంటే ఆ పిలకలు తెచ్చి కొత్త చేనులో నాటుకోవచ్చా అంటే, జాతి మారదు గానీ దుంపతో పాటు నులిపురుగు, ముక్కు పురుగు కూడా వస్తాయి. నాటక తప్పకపోతే వేర్లు, దుంప పై చర్మం తెల్లగా వచ్చేదాకా చెక్కి నాటండి. మీ నాన్నగారికి ఈ పని నాకంటే బాగా వచ్చి ఉంటుంది.

ఇంట్లో ల్యాబ్ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. బయట 42 డిగ్రీలున్నప్పుడు లోపల పగలూ రాత్రీ 25 దగ్గర నిలపాలి. ఒక రాత్రి కరెంటు పోయి, ఒక సీసాలో బూజు లేచి, అలమరా అంతా పారేసిన రోజులు నాకు తెలుసు. మీ చదువుకు మీ ఊళ్ళో ఇప్పుడే పనికొచ్చే చోటు షేడ్‌నెట్. ల్యాబ్ నుంచి మొదటి దశ దాటిన మొక్కల్ని బిల్లుతో, లేబుల్‌తో కొని, రెండో దశ హార్డెనింగ్ మీరే చేయండి. ఈ ఏడాది మీ మూడెకరాలకు చాలినన్ని, చచ్చేవాటికి, ఏరేసేవాటికి కలిపి నూటికి పది ఎక్కువ. మీ ఎండకు, మీ నీళ్ళకు, మీ గాలికి అలవాటైన మొక్క మీ చేనుకు వస్తుంది. చెయ్యి తిరిగితే వచ్చే ఏడాది పక్క ఊళ్ళకు ఇవ్వొచ్చు.

ల్యాబులు నెలల ముందే ఆర్డర్ తీసుకుంటాయి. జూన్ చివర నాటాలంటే మొదటి దశ మొక్కలు మే మొదట్లోపే మీ చేతికి రావాలి, అంటే జనవరికల్లా మాట్లాడుకోవాలి. వెళ్ళేటప్పుడు నాన్నగారిని వెంట తీసుకెళ్ళండి. మీరు రిజిస్టర్ చూడండి, ఆయన్ని వేర్లు చూడమనండి.